మిగిలినదాంట్లో సగం అంటే దేనిలో సగం?

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. భిన్నాల కూడిక, తీసివేత, గుణకారం అంకెల్లో ఇస్తే చకచకా చేసేస్తుంది. అదే లెక్క మాటల్లో వస్తే పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చుంటుంది. మొన్న పరీక్షలో ఇలా అడిగారు: "ఒక కేకులో 1/3 వంతు అన్న తిన్నాడు. మిగిలినదానిలో 1/2 వంతు చెల్లి తింది. ఇంకా ఎంత కేకు ఉంది?" మా పాప 1/3, 1/2 కలిపి 5/6 చేసి, దాన్ని 1లోంచి తీసేసి 1/6 అని రాసింది. తప్పు కొట్టారు. నాకైతే 1/6 కరెక్టే అనిపించింది. మూడు రొట్టెలు నలుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత అన్న లెక్కకు 3/12 అని రాసింది, అదీ తప్పే అన్నారు. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను, పాపది ఇంగ్లిష్ మీడియం. నేను ఇంట్లో నేర్పగలనా, ట్యూషన్ పెట్టించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, గోపాలపట్నం, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, ముందు ఆ పరీక్ష పేపరు ఇంకోసారి తీసి చూడండి. పాప చేసిన కూడికలో తప్పు లేదు. 1/3, 1/2 కలిపితే 5/6 అవుతుంది, 1లోంచి 5/6 తీస్తే 1/6 వస్తుంది. క.సా.గు. కట్టింది, హారాలు సమానం చేసింది, లవాలు మార్చింది. ఆరో తరగతిలో చాలామంది పిల్లలు తడబడేది అక్కడే, మీ అమ్మాయి ఆ మెట్టు దాటేసింది. కాబట్టి పాపకు లెక్కలు రావు అన్న మాట ఇంట్లో ఎవరూ అనొద్దు.

పొరపాటు ఒక్కచోటే జరిగింది. అన్న తిన్న 1/3 మొత్తం కేకులో. చెల్లి తిన్న 1/2 మొత్తం కేకులో కాదు, అన్న తిన్నాక మిగిలిన ముక్కలో. రెండూ ఒకే కేకులో వంతులన్నట్టు పాప కలిపేసింది. అంకెల లెక్కలో 1/2 అంటే 1/2, అక్కడితో సరి. మాటల లెక్కలో మాత్రం ప్రతి భిన్నం వెనకా "దేనిలో?" అన్న ప్రశ్న ఉంటుంది. మీరు నేర్పాల్సింది దాదాపుగా ఈ ఒక్క ప్రశ్నే.

దీన్ని కాగితం మీద మొదలుపెట్టకండి. వచ్చే ఆదివారం మినప రొట్టి వేయండి. దళసరి మూకుట్లో, సన్నటి సెగ మీద, అడుగు ఎర్రగా కాలాక పళ్లెంలోకి తిరగేసి, మధ్యలోంచి మూడు సమాన ముక్కలు కోయండి. ఒక ముక్క వాళ్ల నాన్నకు పెట్టేయండి. పళ్లెంలో రెండు ముక్కలుంటాయి. అప్పుడు పాపతో "మిగిలినదాంట్లో సగం నువ్వు తీసుకో" అనండి. ఒక ముక్క తీసుకుంటుంది. ముక్కన్నర ఎందుకు తీసుకోలేదని అడగండి. ఎందుకంటే పరీక్షలో రాసిన జవాబు ప్రకారం తను తీసుకోవాల్సింది ముక్కన్నర: మొత్తం రొట్టిలో సగమంటే మూడు ముక్కల్లో సగం కదా. "మిగిలినవే రెండు, వాటిలో సగమంటే ఒకటే కదమ్మా" అంటుంది. ఆ మాట పాప నోటినుంచి రావాలి, మీ నోటినుంచి కాదు. పళ్లెంలో ఇంకా ఉన్నది ఒక ముక్క, అంటే రొట్టిలో మూడో వంతు. పరీక్ష లెక్కకు జవాబు అదే: 1/3.

ఆ తర్వాతే నోటు పుస్తకం తెరవండి. అదే పని అంకెల్లో రాస్తే ఇలా ఉంటుంది: అన్న తిన్నాక మిగిలింది 1 – 1/3 = 2/3. అందులో సగం, అంటే 2/3 × 1/2 = 1/3 చెల్లి తింది. 2/3లోంచి 1/3 పోతే 1/3 మిగిలింది. రొట్టి ముక్కలు కళ్లముందు కదిలాక ఈ మూడు వరుసలూ కొత్తగా అనిపించవు.

ఇకమీదట మాటల లెక్క ఏది చేసినా, పెన్సిల్‌తో ప్రతి భిన్నం కింద అది దేనిలో వంతో రాయించండి. 1/3 కింద "కేకులో". 1/2 కింద "మిగిలిన ముక్కలో". రెండు చోట్లా ఒకే మాట వస్తే నిశ్చింతగా కలపొచ్చు, తీసేయొచ్చు. వేరు వేరు మాటలొస్తే ఆగాలి. ఇది రాయడానికి అర నిమిషం పట్టదు. రోజూ చేస్తే కొన్నాళ్లకు రాయకుండానే మనసులో అడుగుతుంది.

ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. "మిగిలిన అని ఉంటే తీసివేత, మొత్తం అని ఉంటే కూడిక, ఇంగ్లిష్‌లో ఆఫ్ (of) అని ఉంటే గుణకారం" అని పిల్లలకు చిట్కాలు బట్టీ పట్టిస్తుంటారు. నాకు ఈ పద్ధతి అస్సలు నచ్చదు. ఆ చిట్కా నేర్చుకున్న పిల్ల లెక్కను చదవడం మానేసి, లెక్కలో మాటలను వెతకడం మొదలుపెడుతుంది. మీ పాప లెక్కనే చూడండి. "మిగిలినదానిలో" అన్న మాట కనబడింది, అది తీసివేతకూ గుర్తే, గుణకారానికీ గుర్తే. ఏది ముందు, ఏది తర్వాత అన్నది చిట్కా చెప్పదు. అర్థం చెబుతుంది. ఎవరైనా అలాంటి చిట్కాల పట్టిక ఇస్తే పక్కన పెట్టేయండి.

ఇప్పుడు రెండో లెక్క, మూడు రొట్టెలు, నలుగురు. మీ పాప 3/12 అని రాయడం నాకు ముచ్చటేసింది, ఎందుకంటే అది ఊరికే వచ్చే అంకె కాదు. ఏం చేసి ఉంటుందో ఊహించగలను. ఒక్కో రొట్టెనూ నాలుగు ముక్కలు చేసింది. మొత్తం పన్నెండు ముక్కలు. నలుగురికి పంచితే తలో మూడు ముక్కలు. పన్నెండు ముక్కల్లో మూడు, అంటే 3/12. పంపకం నూటికి నూరు పాళ్లు సరిగ్గా చేసింది. మళ్లీ అదే ప్రశ్న దగ్గర తప్పింది: దేనిలో 3/12? ఉన్న మూడు రొట్టెలనూ కలిపి ఒకటిగా చూస్తే ఒక్కొక్కరి వాటా 3/12, అంటే నాలుగో వంతు. నలుగురికి సమానంగా పంచారు కాబట్టి ఆ మాట నిజమే. కానీ లెక్క అడిగింది ఒక్కొక్కరికి ఎంత రొట్టె వచ్చిందని. ఒక రొట్టెకు నాలుగు ముక్కలు, చేతికొచ్చినవి మూడు ముక్కలు, కాబట్టి 3/4 రొట్టె. ముప్పావు రొట్టె.

అంటే 1/4 నిజమే, 3/4 నిజమే. మొదటిది మొత్తం తిండిలో వంతు, రెండోది ఒక రొట్టెలో వంతు. ఇది పాపకు చెప్పినప్పుడు "నీది తప్పు" అనకండి. "నువ్వు దేనిలో వంతు చెప్పావు? వాళ్లు దేనిలో అడిగారు?" అని అడగండి. అందుకే జవాబు ఉత్త 3/4 అని రాసి వదిలేయకూడదు. "ఒక్కొక్కరికి 3/4 రొట్టె" అని పూర్తి వాక్యం రాయించండి. ఆ "రొట్టె" అన్న మాట రాయాల్సి వచ్చేసరికి చెయ్యి తనంతట తనే ఆగి ఆలోచిస్తుంది.

ఈ లెక్కకే ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. లెక్క మొదలుపెట్టే ముందే అడగండి: మూడు రొట్టెలున్నాయి, నలుగురున్నారు, తలా ఒకటి వస్తుందా? రాదు. పోనీ తలా సగం వస్తుందా? వస్తుంది, రెండు రొట్టెలు సగాలు చేస్తే నలుగురికీ సరిపోతుంది. ఇంకా ఒక రొట్టె ఉంది. దాన్ని నాలుగు చేస్తే తలా పావు. సగం, పావు కలిపితే ముప్పావు. జవాబు సగానికి ఎక్కువ, ఒకటికి తక్కువ ఉండాలని ముందే తెలిసిపోయింది కాబట్టి 3/12 అని రాసిన పిల్ల తన తప్పు తనే పట్టుకుంటుంది, 3/12 సగం కూడా కాదు కదా. ఈజిప్టులో క్రీస్తు పూర్వం 1550 ప్రాంతంలో పపైరస్ మీద రాసిన లెక్కల చుట్ట ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో మొదటి లెక్కలు పది మందికి రొట్టెలు పంచడం గురించే. ఆరు రొట్టెలు పది మందికి పంచాలంటే వాళ్లు చెప్పిన వాటా సగం, దానికి తోడు పదో వంతు. అయిదు రొట్టెలు సగాలు చేస్తే పది మందికీ తలా సగం అందుతుంది, ఆరో రొట్టెను పది ముక్కలు చేస్తారు. ఇది పాపకు చెప్పండి. మూడున్నర వేల ఏళ్ల కిందట కూడా పెద్దవాళ్లు కూర్చుని ఈ లెక్కే చేశారంటే తనకు కాస్త ధైర్యం వస్తుంది.

బొమ్మ గీయడం గురించి. పుస్తకాల్లో కేకులు, పిజ్జాలు అన్నీ గుండ్రంగా ఉంటాయి, పిల్లలూ గుండ్రమే గీస్తారు. గుండ్రాన్ని మూడు సమాన భాగాలు చేయడం పెద్దవాళ్లకే కష్టం, అయిదు చేయడం ఇంకా కష్టం. ముక్కలు సమానంగా లేకపోతే వంతు అన్న మాటకే అర్థం లేదు. అందుకని దీర్ఘచతురస్రం గీయించండి, మైసూర్‌పాక్ పోసిన పళ్లెంలాగా. ఉదాహరణకు: పళ్లెంలో 2/3 వంతు పక్కింటివాళ్లకు పంచారు, మిగిలినదానిలో 1/4 వంతు ఇంట్లో తిన్నారు, ఇంకెంత ఉంది? హారాలు 3, 4. కాబట్టి అడ్డంగా మూడు వరుసలు, ప్రతి వరుసలో నాలుగు ముక్కలు గీయాలి. మొత్తం పన్నెండు. మూడింట రెండు వంతులంటే రెండు వరుసలు కొట్టేయడమే. ఒక వరుస ఉంది, అందులో నాలుగు ముక్కలున్నాయి. నాలుగో వంతు అంటే ఒక ముక్క. అది కూడా కొట్టేస్తే మూడు ముక్కలు. పన్నెండింట మూడు, అంటే పళ్లెంలో పావు. ఒక్క గుణకారం కూడా చేయకుండా జవాబు వచ్చింది. తర్వాత 1/3 × 3/4 చేసి చూస్తే అదే 1/4 వస్తుంది. భిన్నాలను గుణించేటప్పుడు కింది అంకెలను కింది అంకెలతో ఎందుకు గుణిస్తామో ఈ గళ్లలోనే కనబడుతుంది: మూడు వరుసలు, వరుసకు నాలుగు. ఈ ఒక్క బొమ్మ మీద ఎంత టైమ్ గడిపినా వృథా కాదు.

పంపకం లెక్కల్లో భాగహారం రెండు రకాలుగా వస్తుంది, పిల్లలు వీటిని కలగలిపేస్తారు. రెండున్నర కిలోల మాడుగుల హల్వా నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఎంత? ఇక్కడ మనుషులెంతమందో తెలుసు, వాటా తెలియదు. 2 1/2 ÷ 4 = 5/8 కిలో, అంటే 625 గ్రాములు. అదే హల్వాను పావుకిలో డబ్బాల్లో సర్దితే ఎన్ని డబ్బాలు? ఇక్కడ వాటా తెలుసు, ఎన్ని అన్నది తెలియదు. 2 1/2 ÷ 1/4 = 10 డబ్బాలు. భాగిస్తే జవాబు పెద్దదైందేమిటని పాప కంగారు పడుతుంది. డబ్బా చిన్నదయ్యేకొద్దీ ఎక్కువ డబ్బాలు పడతాయని చెబితే చాలు. కిలోకు నాలుగు పావులు, రెండు కిలోలకు ఎనిమిది, అరకిలోకు రెండు. "తలకిందులు చేసి గుణించు" అన్న సూత్రం చెప్పే ముందు ఇలా నోటితో లెక్కపెట్టించండి.

ఇందులో ఒక చిక్కు ఉంది, పెద్ద పిల్లలు కూడా ఇందులో పడతారు. అదే రెండున్నర కిలోలను ముప్పావు కిలో డబ్బాల్లో సర్దితే ఎన్ని నిండుతాయి, ఎంత హల్వా మిగులుతుంది? 2 1/2 ÷ 3/4 చేస్తే 3 1/3 వస్తుంది. మూడు డబ్బాలు నిండాయి, మిగిలింది 1/3 కిలో అని రాసేస్తారు. కాదు. మూడు ముప్పావులు రెండుంపావు. రెండున్నరలోంచి రెండుంపావు పోతే మిగిలేది పావుకిలో. మరి ఆ 1/3 ఏమిటి? అది కిలోలో వంతు కాదు, డబ్బాలో వంతు. ముప్పావులో మూడో వంతు పావు. మళ్లీ అదే ప్రశ్న, దేనిలో 1/3? పాపకు ఈ లెక్క అర్థమైతే భిన్నాల అధ్యాయంలో ఇక భయపడాల్సిందేమీ ఉండదు. కాకపోతే మొదటి వారంలోనే ఇది ఇవ్వకండి.

తూకాల విషయంలో మీకు ఇంట్లోనే మంచి అవకాశం ఉంది. రైతు బజారుకు వెళ్లేటప్పుడు పాపను తీసుకెళ్లండి. పావుకిలో బెండకాయలు, అరకిలో వంకాయలు, ముప్పావు కిలో టమాటాలు కొని, సంచిలో మొత్తం ఎంత బరువుందో అడగండి. కిలోన్నర అని నోటితోనే చెప్పేస్తుంది. ఇక్కడ అన్నీ కిలోలోనే వంతులు కాబట్టి నేరుగా కలిపేయొచ్చు, ఆ మాట కూడా అనిపించండి.

మీడియం గురించి మీ బెంగ అర్థమైంది. మన ప్రభుత్వ గణితం పుస్తకాల్లో ఇంగ్లిష్ పేజీకి ఎదురుగా తెలుగు పేజీ ఉంటుంది. పాప బడిలో వేరే పుస్తకం వాడుతుంటే తెలిసినవాళ్ల దగ్గర ఆరో తరగతిది ఒకటి అడిగి తెచ్చుకోండి, మీరు తెలుగు పేజీ చూసుకోవచ్చు. ఇంగ్లిష్‌లో లెక్క చదివాక పాపను ఆ కథ తెలుగులో మీకు చెప్పమనండి, అంకెలు లేకుండా: "ఒక కేకు ఉంది, అన్న కొంచెం తిన్నాడు, మిగిలినదాంట్లో చెల్లి తింది." చెప్పగలిగితే లెక్క అర్థమైనట్టే. ఎక్కడ నసుగుతుందో, ఇంగ్లిష్‌లో ఆ మాట అర్థం కాలేదన్నమాట. లెఫ్ట్, రిమైనింగ్, ఈచ్, ఈక్వల్లీ లాంటి నాలుగైదు మాటలే తిరిగి తిరిగి వస్తాయి. ఇందులో మీకు ఇంగ్లిష్ రావాల్సిన పనేమీ లేదు, వినడం చాలు.

ట్యూషన్ ఇప్పుడు వద్దనే నా సలహా. ట్యూషన్‌లో సాయంత్రానికి ఇరవై లెక్కలు చేయిస్తారు, మీ పాపకు కావాల్సింది రోజుకు ఒక్క లెక్క, తీరిగ్గా. ఒక నెల ఇలా చేయించి చూడండి. అప్పటికీ కథ చెప్పడం దగ్గరే ఆగిపోతుంటే బడిలో టీచర్‌తో మాట్లాడండి, జవాబు తప్పని కాకుండా ఎక్కడ ఆగిపోతోందో చెప్పి అడగండి. ఇంకొక్క మాట. అన్నం తినేటప్పుడు ప్రతి ముద్దకూ లెక్క అడగకండి. తిండి చూస్తే పరీక్ష గుర్తొచ్చే పరిస్థితి పిల్లకు రాకూడదు.

నెల చివర్లో ఈ లెక్క ఇవ్వండి. సింహాచలం కొండ కింద కొన్న పనస తొనల్లో పావు వంతు అమ్మమ్మకు ఇచ్చారు. మిగిలినవాటిలో మూడింట రెండు వంతులు పిల్లలు తినేశారు. ఇంకా 6 తొనలున్నాయి. కొన్నవి ఎన్ని? దీనికి ఎక్స్ అనుకోవాల్సిన అవసరం లేదు. ఒక పొడుగాటి పట్టీ గీసి నాలుగు గళ్లు చేయించండి. ఒక గడి అమ్మమ్మది. మిగిలినవి మూడు గళ్లు, వాటిలో రెండు పిల్లలవి. ఉన్నది ఒక్క గడి, అందులో 6 తొనలు. నాలుగు గళ్లకు 24. తర్వాత ముందునుంచి సరిచూడమనండి: 24లో పావు 6 పోతే 18, అందులో మూడింట రెండు వంతులు 12 పోతే 6. పాప రెండో మెట్టు దగ్గర పొరబడి మొత్తం పట్టీలో మూడింట రెండు వంతులు కొట్టేయబోతే, మీరేమీ చెప్పకండి. "దేనిలో?" అని మాత్రం అడగండి.